ఒక్క ప్రోగ్రాం తెరిస్తేనే సిస్టమ్ పడిపోతోందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

పోయిన వేసవిలో మా ఇంట్లో సిస్టమ్‌కి ఒక వింత జబ్బు పట్టుకుంది. బ్రౌజర్, సినిమాలు, ఎక్సెల్, మావాడి గేమ్, అన్నీ గంటల తరబడి నడుస్తాయి. వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో ఎక్స్‌పోర్ట్ నొక్కితే మాత్రం పది పన్నెండు శాతం దాకా వచ్చి, ఏ మెసేజూ లేకుండా స్క్రీన్ నల్లబడి, దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్ వీడియో అది. "అన్నయ్యా, అయిందా?" అని రోజూ ఫోన్లు. ఆ టెన్షన్‌లో అందరూ చేసే పనులే నేనూ చేశాను. ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించాను, గ్రాఫిక్స్ డ్రైవర్ మూడు వెర్షన్లు మార్చాను, రెండుసార్లు ఫార్మాట్ కొట్టాను. వారం పోయింది. తీరా చూస్తే తప్పు ఆ ప్రోగ్రాంలో లేదు, విండోస్‌లో లేదు, ఆ మాటకొస్తే సీపీయూ డబ్బాలోనే లేదు. ఎక్కడుందో ఆ భాగం వచ్చినప్పుడు చెప్తాను.

ఆ తర్వాత చుట్టాలవీ స్నేహితులవీ ఇలాంటి సిస్టమ్‌లు ఇంకొన్ని చూశాను. "అది తెరిస్తేనే పడుతోంది కాబట్టి అదే చెడింది" అని అందరూ అనుకుంటారు. ఒక్కోసారి నిజమే. కానీ చాలాసార్లు ఆ ప్రోగ్రాం చేసిన నేరమల్లా సిస్టమ్‌తో ఒళ్లొంచి పని చేయించడమే. పైభాగంలో పగులున్న కుండలో సగం దాకా నీళ్లు పోస్తే చుక్క కారదు, నిండా పోసినప్పుడే తెలుస్తుంది. మిగతా ప్రోగ్రాంలు సగం నీళ్లే పోస్తున్నాయి.

ముందు తేల్చుకోవాల్సింది: పడింది ప్రోగ్రామా, సిస్టమా?

"క్రాష్ అవుతోంది" అని చెప్తే సరిపోదు. ప్రోగ్రాం విండో ఒక్కటే మాయమై డెస్క్‌టాప్ మామూలుగానే ఉంటే అది ఒక రకం. స్టాప్ కోడ్‌తో నీలం తెర వస్తే ఇంకో రకం (విండోస్ 11 కొత్త అప్‌డేట్లలో ఆ నీలం తీసేసి నలుపు పెట్టారు, కంగారు పడకండి, అది ఇదే). తెర రెండు మూడు క్షణాలు నల్లబడి తిరిగొచ్చి, ఈలోగా ప్రోగ్రాం మాత్రం పోయి ఉంటే చూపు గ్రాఫిక్స్ కార్డు వైపు తిప్పాలి. ఏ మాటా లేకుండా నేరుగా రీస్టార్ట్ అయినా, ఆరిపోయినా అది కరెంటు, వేడి, హార్డ్‌వేర్ సంగతి. వీటిలో మీది ఏదో తెలిస్తే సగం పని అయినట్టే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. నీలం తెర వచ్చినా మీరు చూసేలోపే రీస్టార్ట్ అయిపోవచ్చు, అప్పుడు రెండు రకాలూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే స్టార్ట్ మెనూలో "వ్యూ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్" వెతికి తెరిచి, స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ నొక్కి, "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" అన్న టిక్కు తీసేయండి. ఇప్పుడు నీలం తెర వస్తే అక్కడే నిలబడుతుంది, కోడ్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. టిక్కు తీసేశాక కూడా నేరుగా రీస్టార్ట్ అయిందంటే అసలు నీలం తెరే రావట్లేదన్నమాట.

తర్వాత స్టార్ట్ మెనూలోనే ఇంగ్లీషులో రిలయబిలిటీ అని కొడితే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" అని వస్తుంది. చాలామందికి ఇది ఉన్నట్టే తెలియదు. రోజువారీ గ్రాఫ్, దాని మీద ఎర్ర గుర్తులు, ఏ రోజు ఏం పడిపోయిందో, ఆ ముందురోజు ఏ అప్‌డేట్ లేదా డ్రైవర్ ఎక్కిందో అన్నీ వరసగా కనిపిస్తాయి. "మంగళవారం దాకా బాగానే ఉంది" అని మనకి లీలగా గుర్తుండే విషయాన్ని ఇది తేదీతో సహా చూపిస్తుంది.

ఇంకా లోపలికి వెళ్లాలంటే ఈవెంట్ వ్యూయర్, అంటే సిస్టమ్‌లో జరిగేవన్నీ విండోస్ రాసుకునే చిట్టా. అందులో విండోస్ లాగ్స్ కింద సిస్టమ్, అప్లికేషన్ అని రెండు ముఖ్యం. తెరవగానే బోలెడన్ని ఎర్ర, పసుపు గుర్తులు కనిపిస్తాయి, బాగున్న సిస్టమ్‌లో కూడా ఉంటాయి, వాటిని చూసి గుండె జారిపోనక్కర్లేదు. క్రాష్ అయిన నిమిషానికి అటూ ఇటూ ఉన్నవే చూడండి. సిస్టమ్ లాగ్‌లో కెర్నెల్ పవర్ 41 కనిపిస్తే చాలామంది దాన్నే రోగం అనుకుంటారు. అది "సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగింది" అని తర్వాత రాసుకున్న నోట్ మాత్రమే. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ అన్నచోట సున్నా ఉంటే నీలం తెర నమోదు కాకుండానే పోయినట్టు, కరెంటు అనుమానం బలపడినట్టు. డిస్‌ప్లే పేరుతో 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ లేచినట్టు. డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ పేరుతో ఎర్రర్లు ఉంటే హార్డ్‌వేరే తన బాధ తాను చెప్పుకుంటున్నట్టు.

ప్రోగ్రాం ఒక్కటే పడిపోతుంటే అప్లికేషన్ లాగ్‌లో 1000 నంబరు వెతకండి. అందులో "ఫాల్టింగ్ మాడ్యూల్" అని ఒక ఫైలు పేరుంటుంది. ఏదైనా ప్లగిన్ పేరో, గ్రాఫిక్స్ డ్రైవర్ ఫైలు పేరో అక్కడుంటే మీ అదృష్టం. ఎన్‌టీ డీఎల్ఎల్ అని ఉంటే మాత్రం దాన్ని పట్టుకుని వేలాడకండి, అది విండోస్‌లో అందరూ వాడే ఫైలు, ఎవరో చేసిన తప్పుకి అక్కడ దొరికిపోతుంది. ఆ ఫైలు పేరుతో ఇంటర్నెట్‌లో వెతికి ఎక్కడినుంచో డీఎల్ఎల్ డౌన్‌లోడ్ చేసి పెట్టడం అన్నిటికన్నా చెడ్డ పని.

ప్రోగ్రాం ఒక్కటే మాయమవుతుంటే

మొదట ఖాళీ ఫైలుతో, కొత్త ప్రాజెక్టుతో తెరిచి చూడండి. అది బాగానే నడిస్తే దోషం మీ ఫైలులో ఉంది. వీడియో అయినా, పెద్ద ఎక్సెల్ అయినా, డీటీపీ పేజీలయినా పద్ధతి ఒకటే: కాపీ చేసుకుని సగం తీసేసి చూడండి, పడకపోతే తీసేసిన సగంలో ఉంది, పడితే మిగిలిన సగంలో ఉంది, మళ్లీ దాన్ని సగం చేయండి. వంద క్లిప్పులున్నా ఏడెనిమిది సార్లకి దొంగ క్లిప్పు దొరికిపోతుంది.

కొత్త ఫైలుతోనూ పడితే ప్రోగ్రాం సెట్టింగులు చెడి ఉండొచ్చు. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఎక్కించినా ఇది బాగుపడకపోవడానికి కారణం, సెట్టింగుల ఫోల్డర్ చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. మీ యూజర్ ఫోల్డర్‌లో దాగి ఉండే యాప్‌డేటా లోపల రోమింగ్, లోకల్ అనే ఫోల్డర్లలో ఆ ప్రోగ్రాం పేరుతో ఉంటుంది. డిలీట్ చేయకండి, పేరు చివర "పాతది" అని తగిలించి ప్రోగ్రాం తెరవండి, అది కొత్త ఫోల్డర్ తనే చేసుకుంటుంది. తేడా లేకపోతే కొత్త ఫోల్డర్ తీసేసి పాత పేరు పెట్టేయండి.

ఇంకా తేలకపోతే విండోస్‌లో కొత్త యూజర్ అకౌంట్ ఒకటి చేసి అందులో నడిపి చూడండి, ఇంగ్లీషు అక్షరాలతో, ఖాళీలు లేకుండా చిన్న పేరు పెట్టి. ఎందుకంటే, మా స్నేహితుడొకడు ముచ్చటపడి విండోస్ అకౌంట్‌కి తెలుగు అక్షరాల్లోనే పేరు పెట్టుకున్నాడు. యూజర్ ఫోల్డర్ కూడా ఆ పేరుతోనే తయారైంది. అన్నీ నడిచాయి, ఒక పాత ప్రోగ్రాం మాత్రం సేవ్ నొక్కగానే మాయం. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలనీ సిస్టమ్ గుర్తుపట్టే పద్ధతి) తెలియని పాత ప్రోగ్రాంలకి దారిలో తెలుగు అక్షరం తగిలితే ఏం చేయాలో తోచదు. పైకి కనిపించే పేరు మార్చినా లోపలి ఫోల్డర్ పేరు మారదు, కొత్త అకౌంటే దారి. తెలుగు మీద ప్రేమ డాక్యుమెంట్‌లో చూపించుకోవచ్చు.

డీటీపీ పని చేసేవాళ్లకి ఇంకో మాట. పాత తెలుగు ఫాంట్లు నలుగురి పెన్‌డ్రైవ్‌ల నుంచి పోగేసి వందల కొద్దీ ఎక్కించుకుని ఉంటారు, వాటిలో ఒక్కటి చెడినా ఫాంట్ల జాబితా తెరిచే ప్రోగ్రాం పడిపోతుంది, మిగతావి హాయిగా నడుస్తాయి. ఈమధ్య కలిపినవి తీసి చూడండి. అలాగే తెలుగు టైపింగ్ ప్రోగ్రాంలు, స్క్రీన్ రికార్డర్లు, గేమ్ మీద ఫ్రేముల లెక్క చూపించేవి, రంగు లైట్ల సాఫ్ట్‌వేర్లు, యాంటీవైరస్‌లు పక్క ప్రోగ్రాంల పనిలో వేలు పెట్టే రకాలు. ఎంఎస్ కాన్ఫిగ్ తెరిచి సర్వీసెస్‌లో "హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్" టిక్కు తప్పకుండా పెట్టి, మిగిలినవి ఆపి, టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ప్రోగ్రాంలు కూడా ఆపి రీస్టార్ట్ చేసి చూడండి. అప్పుడు పడకపోతే వాటిలో ఎవరో ఒకరు.

సీ డ్రైవ్ నిండిపోయిందా చూశారా? ర్యామ్ చాలనప్పుడు విండోస్ డ్రైవ్‌లో పేజ్ ఫైలు పెంచుకుంటుంది, అక్కడ జాగా లేకపోతే ఎక్కువ మెమరీ అడిగిన ప్రోగ్రామే మొదట పడుతుంది. 8 జీబీ ర్యామ్, ఎర్రగా మారిన సీ డ్రైవ్, ఇరవై ట్యాబుల బ్రౌజర్, వీటితో పాటు ఎడిటింగ్ అంటే ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు. ప్రోగ్రాం తెరుచుకోకుండానే 007బి తో ముగిసే కోడ్ వస్తే చాలాసార్లు ప్రోగ్రాంలు నడవడానికి కావాల్సిన విజువల్ సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు లేకనో కలగాపులగం అయ్యో ఉంటాయి, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి 32, 64 బిట్ రెండూ ఎక్కించండి. ప్రోగ్రాం సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి కూడా చూడండి, బాగుపడితే గ్రాఫిక్స్ డ్రైవర్ సంగతి చూడాలి.

ఇక క్రాక్ వెర్షన్ వాడుతున్నారా? అయితే ఈ భాగమంతా మీకు వృథా. లోపల ఎవడు ఏం మార్చాడో తెలియని ఫైలు ఎందుకు పడిపోతోందో వెతకడం కన్నా ఉచితంగా వచ్చే ప్రత్యామ్నాయం ఎక్కించుకోవడం నయం.

నీలం తెర వస్తుంటే

గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పైపైన కాకుండా పూర్తిగా తీసేయండి. డీడీయూ అనే ఉచిత టూల్ ఉంది, సేఫ్ మోడ్‌లో దాన్ని నడిపి, ఆ తర్వాత కార్డు తయారుచేసిన కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ తెచ్చి ఎక్కించండి. కొత్తదే మంచిదని లేదు, గొడవ మొదలవకముందు ఏ వెర్షన్ ఉందో అది కూడా ప్రయత్నించండి.

తర్వాత ర్యామ్. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ని మామూలు కన్నా వేగంగా నడిపే సెట్టింగు, ఆన్ చేసి ఉంటే ఆపి చూడండి, ర్యామ్ మామూలు వేగానికి దిగుతుంది. అంతటితో క్రాష్ ఆగితే కారణం దొరికినట్టే. ఆగకపోతే మెమ్‌టెస్ట్ 86 పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా "ఒక్కటేగా" అనుకోవద్దు, ర్యామ్‌కి పాస్ మార్కు సున్నా ఎర్రర్లే. రెండు కర్రలుంటే ఒక్కొక్కటీ విడిగా పెట్టి చూస్తే ఏది చెడిందో తెలుస్తుంది. తీసి, బంగారు రంగు అంచుని మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, టక్కుమనేలా నొక్కి పెడితే బాగుపడ్డవీ ఉన్నాయి. ముందు ప్లగ్గు పీకడం మర్చిపోకండి.

ప్రాసెసర్ కూడా అనుమానితుడే, అరుదుగా. ఇంటెల్ 13, 14 తరం డెస్క్‌టాప్ చిప్పుల విషయంలో ఇది జరిగింది. అన్నీ నడుస్తూ కొన్ని గేములు మాత్రం "వీడియో మెమరీ చాలదు" అని అబద్ధం చెప్పి పడిపోయేవి, జనం గ్రాఫిక్స్ కార్డుని తిట్టుకున్నారు. 2024లో ఇంటెల్ అసలు సంగతి ఒప్పుకుంది: చిప్పుకి అవసరానికి మించి వోల్టేజి వెళ్తోంది. దానికి బయోస్ అప్‌డేట్లు ఇచ్చారు, ఆ చిప్పులకి వారంటీ రెండేళ్లు పెంచారు. మీది ఆ తరం ఐ5 పైరకం, ఐ7 లేదా ఐ9 అయితే మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో కొత్త బయోస్ ఉందేమో ముందు చూడండి. అప్పటికే దెబ్బతిన్న చిప్పుని అప్‌డేట్ బాగుచేయదు, వారంటీలో మార్చుకోవాల్సిందే.

మాట్లాడకుండా రీస్టార్ట్ అవుతుంటే

మాది ఈ రకం. మొదట అందరూ వేడి అంటారు, నేనూ అదే అనుకున్నాను. వేడో కాదో తేల్చడానికి హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఊరికే తెరిచి చూస్తే లాభం లేదు, పడిపోయిన క్షణంలో అంకె కూడా తెరతో పాటే పోతుంది. సెన్సర్ల విండోలో లాగింగ్ మొదలుపెట్టి, ఫైలులోకి రాయనిచ్చి, ఆ తర్వాత ఎక్స్‌పోర్ట్ నొక్కండి. క్రాష్ తర్వాత ఆ ఫైలు ఎక్సెల్‌లో తెరిచి చివరి వరస చదవండి. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దగ్గరుంటే ఫ్యాను, దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్టు చూసుకోవాలి. మా ఫైలులో చివరి వరసలో 71 ఉంది. వేడి కాదు.

పైసా ఖర్చులేని ఇంకో పరీక్ష చెప్తాను. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, ప్లాన్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, అందులో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద "మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్" వంద నుంచి 99కి దించండి. ఒక్క శాతమే అనిపిస్తుంది కానీ మామూలుగా దాంతో టర్బో వేగం (బరువు పడ్డప్పుడు ప్రాసెసర్ అందుకునే అదనపు వేగం) ఆగిపోతుంది, ప్రాసెసర్ తాగే కరెంటు బాగా తగ్గుతుంది. గ్రాఫిక్స్ కార్డుకైతే ఆఫ్టర్‌బర్నర్ లాంటి టూల్‌లో పవర్ లిమిట్ 70 శాతానికి దించొచ్చు. ఇవి దించాక ఆ ప్రోగ్రాం నెమ్మదిగానైనా చివరిదాకా నడిస్తే సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లడం మానేయండి, అది కరెంటు లేదా వేడి సంగతే. మా వీడియో అలా మొదటిసారి 60 శాతం దాకా వెళ్లి పడింది. కోపం వచ్చింది కానీ అదే మొదటి ఆధారం.

రెండో ఆధారం చెవికి దొరికింది. ఆ రోజు సాయంత్రం ఫ్యాను కూడా కట్టేసి కూర్చుని వింటుంటే, తెర నల్లబడే ముందు టేబుల్ కింద "టిక్కు" మని చిన్న శబ్దం. యూపీఎస్ లోపలి రిలే, అంటే కరెంటు దారి మార్చే స్విచ్చు. వేసవి సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యే వేళ, వోల్టేజి జారగానే యూపీఎస్ బ్యాటరీ మీదకి మారుతోంది. మామూలుగా ఆ మార్పు మనకి తెలియదు, కొన్ని మిల్లీ సెకన్ల పాటు సీపీయూ డబ్బాలోని పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్న చార్జితో నెట్టుకొస్తుంది. బ్రౌజర్ నడిచేటప్పుడు లాగేది తక్కువ కాబట్టి ఆ చార్జి ఎక్కువసేపు వస్తుంది. ఎక్స్‌పోర్ట్‌లో ఫుల్ లోడ్ మీద ఉన్నప్పుడు ఇట్టే ఖర్చయిపోతుంది, దానికి తోడు మూడేళ్ల బ్యాటరీ బరువు పడగానే కుంగిపోతోంది. అంతే, రీస్టార్ట్. మానిటర్ లాగేది కొంచెమే కాబట్టి తెర నల్లబడినా దాని పవర్ లైటు వెలుగుతూనే ఉండేది, అందుకే యూపీఎస్ మీద నాకు అనుమానమే రాలేదు.

లెక్క కూడా వేసుకుని ఉండాల్సింది. 600 వీఏ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, పక్కనే చిన్నగా 360 వాట్లు అని ఉంటుంది, మనం చూడం. రెండో అంకే లెక్క. యూపీఎస్ కొన్నప్పుడు ఈ సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు, తర్వాత 170 వాట్ల కార్డు పెట్టాను. ప్రాసెసర్ 76, బోర్డు, ర్యామ్, డ్రైవులు, ఫ్యాన్లు కలిపి ఓ 50, మొత్తం దాదాపు 300. ఎస్‌ఎంపీఎస్ దారిలో పోగొట్టేది కలిపితే గోడ నుంచి లాగేది 350, మానిటర్‌కి ఇంకో 25. మావాడి గేమ్ ఫ్రేములు 60కి కట్టేసి ఉన్నాయి కాబట్టి అందులో కార్డు సగం కూడా పనిచేయదు. ఎక్స్‌పోర్ట్‌లో ప్రాసెసర్, కార్డు రెండూ ఒకేసారి పరిగెడతాయి. గేమ్ నడుస్తోంది కదా, హార్డ్‌వేర్ బాగానే ఉంది అనుకోవడంలో నేను బోల్తా పడింది ఇక్కడే.

పరీక్ష తేలిక. యూపీఎస్ పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టి ఒకసారి నడపండి, ముఖ్యమైన ఫైళ్లు ముందే కాపీ చేసుకుని. ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా వద్దు, వదులైన సాకెట్టు కూడా ఇదే పని చేస్తుంది. గోడకి పెట్టినా పడిపోతే అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానించాలి. డబ్బాతో పాటు ఊరికే వచ్చిన "450 వాట్ల" చవక సప్లై మీద కొత్త కార్డు నడిపించేవాళ్లకి ఇది చాలా మామూలు. కార్డుకి వెళ్లే పవర్ వైరు పూర్తిగా దిగిందో లేదో చూసి, స్నేహితుడి దగ్గర మంచి సప్లై ఒకటి అరువు తెచ్చి పెట్టి చూడండి. ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసేసినా లోపల చార్జి ఉంటుంది. సీపీయూ డబ్బా మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? అయితే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి, మిగతావన్నీ తర్వాత.

ఏం చేసినా ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది కాగితం మీద రాసుకోండి. నేను ఒకే రోజు డ్రైవర్ మార్చి, ర్యామ్ తుడిచి, అప్‌డేట్ చేసి కూర్చున్నప్పుడు ఒక ఎక్స్‌పోర్ట్ పూర్తయింది (ఆ రోజు వోల్టేజి బాగుందనుకుంటా). దేనివల్ల బాగైందో తెలియక, బాగైందనే అనుకుని రెండు రోజులు మోసపోయాను.

చివరికి షాపుకి తీసుకెళ్లాల్సి వస్తే, "క్రాష్ అవుతోంది" అని అప్పజెప్పి వచ్చేయకండి. వాళ్లు అరగంట డెస్క్‌టాప్ చూసి "బానే ఉందండీ" అంటారు, లేదా అడక్కుండా ఫార్మాట్ కొట్టేస్తారు. పడిపోయే ఆ ప్రాజెక్టు ఫైలు సిస్టమ్‌లోనే ఉంచి, మీ ఎదురుగానే అదే ప్రోగ్రాంలో అదే ఫైలు నడిపించమనండి, మీ కాగితం చూపించండి, ఫార్మాట్ చేయొద్దని ముందే చెప్పండి. షాపులో రెండుసార్లూ చివరిదాకా నడిచి, ఇంటికి తెచ్చాక మళ్లీ పడితే డబ్బాని మళ్లీ మోసుకెళ్లకండి. టేబుల్ కింద యూపీఎస్, దాని వెనక ప్లగ్గు చూడండి.